హ్యాంక్ గ్రీన్‌బర్గ్ డాక్యుమెంటరీ: ఆడిన ఆటకంటే ఆడని రోజుకే అంత విలువా?

పాతరీలు_విజయవాడ

అవీవా కెంప్నర్ తీసిన 'ద లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ హ్యాంక్ గ్రీన్‌బర్గ్' డాక్యుమెంటరీని ఈ వారం చూశాను. 1998లో తొలిసారి ప్రదర్శించిన ఈ చిత్రం 2000లో అమెరికా థియేటర్లకు వచ్చింది. డెట్రాయిట్ టైగర్స్ జట్టులో ఫస్ట్ బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరే మొదటి మజిలీ) దగ్గర ఆడి, అమెరికన్ బేస్‌బాల్‌లో తొలి యూదు మహా తారగా పేరు తెచ్చుకున్న మనిషి కథ ఇది. చిత్రం నాకు నచ్చింది కానీ ఒక విషయం మాత్రం మింగుడుపడలేదు.

1934 సెప్టెంబర్ 10న, యూదుల సంవత్సరాది అయిన రోష్ హషానా నాడు, గ్రీన్‌బర్గ్ ఆడాడు. బోస్టన్ మీద టైగర్స్ 2-1తో గెలిస్తే ఆ రెండు పరుగులూ అతని హోమ్ రన్ల (బంతిని మైదానం హద్దు దాటించే షాట్ల) వల్ల వచ్చినవే. తొమ్మిది రోజుల తర్వాత, యూదులు ఉపవాసం ఉండి పశ్చాత్తాపపడే యోమ్ కిప్పూర్ నాడు మాత్రం మైదానానికి రాకుండా ప్రార్థనా మందిరానికి వెళ్ళాడు. మనిషి చూస్తే అంత మతనిష్ఠ ఉన్నవాడు కాదు. ఒక పండుగనాడు ఆడి, మరో పండుగనాడు మానేసిన వ్యక్తిని ఆ రెండో రోజు కారణంగానే వీరుడిగా నిలబెట్టడం సబబేనా? ఒకే సీజన్‌లో 58 హోమ్ రన్లు కొట్టినవాడి గురించి మాట్లాడేటప్పుడు కూడా జనం ముందుగా ఆడని రోజునే తలచుకోవడం నాకు అన్యాయంగా అనిపించింది.

డెట్రాయిట్_వెంకట్

ఆ రోజుల డెట్రాయిట్ ఎలా ఉండేదో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. నేను ఈ ఊరి శివార్లలో కార్ల పరిశ్రమలో పనిచేస్తున్నాను. ఇక్కడి డియర్‌బోర్న్‌లోనే హెన్రీ ఫోర్డ్ సొంత వారపత్రిక నడిపి, 1920 నుంచి యూదులు ప్రపంచాన్ని చెరబట్టారంటూ వరుస వ్యాసాలు వేయించాడు. తన కార్ల డీలర్ల చేత ఆ పత్రికను దేశమంతటా పంచిపెట్టించాడు. ఇక్కడికి దగ్గర్లోని రాయల్ ఓక్ నుంచి చార్లెస్ కాఫ్లిన్ అనే కాథలిక్ ఫాదర్ రేడియోలో ప్రసంగిస్తుంటే దేశవ్యాప్తంగా లక్షలాది మంది చెవులు రిక్కించి వినేవారు. ఆ దశాబ్దం ముగిసేసరికి అతను కూడా యూదుల మీద బాహాటంగా విషం కక్కాడు. జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి ఏడాదిన్నర దాటింది.

అలాంటి ఊళ్ళో, 1909 తర్వాత ఒక్కసారి కూడా లీగ్ విజేత కాని జట్టు పాతికేళ్ళకు గెలుపు ముంగిట నిలబడింది. ఆ జట్టులో నాలుగో స్థానంలో బ్యాటింగ్ చేసే ఇరవై మూడేళ్ళ కుర్రాడు 'ఈ రోజు నేను రాను' అన్నాడు. అతనికి మతం మీద ఎంత నమ్మకమున్నదన్నది కాదు చూడవలసింది. నలుగురిలో తన పుట్టుకను దాచుకోకపోవడం ఎంత కష్టమైన కాలమో చూడాలి. అతనికి ముందు వచ్చిన యూదు ఆటగాళ్ళలో కొందరు పేర్లే మార్చుకుని ఆడారు. జిమ్మీ రీస్ అసలు పేరు హైమీ సాలమన్.

గణాంకాల_గణేశ్

వెంకట్ గారు చెప్పిన నేపథ్యాన్ని కాదనను కానీ, పాయింట్ల పట్టికను కూడా ఒకసారి చూడాలి. రోష్ హషానా నాటికి న్యూయార్క్ యాంకీస్ కంటే టైగర్స్ ఆధిక్యం స్వల్పం. యోమ్ కిప్పూర్ నాటికి ఆ ఆధిక్యం పెరిగి, లీగ్ దాదాపు చేతికి వచ్చేసింది. ఆ రోజు యాంకీస్ చేతిలో 5-2తో ఓడినా జట్టుకు పెద్ద నష్టం జరగలేదు. అవసరం ఉన్న రోజున ఆడి, అవసరం తగ్గిన రోజున మానేశాడు. ఇందులో త్యాగం పాలు ఎంత?

సరస్వతి_ఆర్

గణేశ్ గారూ, ఆ లెక్క ఇప్పుడు మనకు తేలిక. ఆ ఉదయం ఇంటి నుంచి బయలుదేరే మనిషికి సాయంత్రం స్కోరు తెలియదు కదా.

ఇంకొక మాట. రోష్ హషానా నాడు ఆడవచ్చా లేదా అన్నది ఆ కుర్రాడు ఒంటరిగా తేల్చుకున్న విషయం కాదు. ఊరంతా చర్చించింది, పత్రికలు రబ్బీల (యూదు మతగురువుల) అభిప్రాయాలు అడిగి మరీ వేశాయి. అమెరికాలో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో వినాయక చవితికి సెలవు అడగడానికి నేను ఎంత తటపటాయించానో నాకు గుర్తుంది. అడగకుండానే ఊరుకుని, పూజ సాయంత్రానికి మార్చుకున్న సంవత్సరాలూ ఉన్నాయి. మా బృందంలో నేను ఒక్కదాన్నే కనుక, నేను ఏం చేస్తే అదే 'మీవాళ్ళ పద్ధతి' అయిపోతుందన్న భయం ఉండేది. నా పనిని చూసేది పది మంది. గ్రీన్‌బర్గ్‌ను చూసేది దేశం మొత్తం.

పాతరీలు_విజయవాడ

సరస్వతి గారి మాట బలంగా ఉంది. అయినా ప్రార్థనా మందిరంలో జనం లేచి చప్పట్లు కొట్టారన్న ఘట్టం నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. ఉపవాసం ఉండి పశ్చాత్తాపపడవలసిన రోజున ఒక ఆటగాడు లోపలికి అడుగుపెడితే ప్రార్థన ఆగిపోవడం ఏమిటి?

డెట్రాయిట్_వెంకట్

ఇబ్బంది పడినవాడు గ్రీన్‌బర్గ్ కూడా. షారీ జెడెక్ మందిరంలోకి అతను అడుగుపెట్టాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, ఎక్కడో వెనక బల్ల మీద సర్దుకుని కూర్చుంటే కనబడకుండా పోయే ఆకారం కాదు. ప్రార్థన నిలిచిపోయింది, చప్పట్లు మోగాయి, అతనికి ఎటు చూడాలో తోచలేదు. ఆ చప్పట్లు భక్తికి కొట్టినవని నేను అనుకోను. పిల్లలను బడికి పంపిస్తూ 'ఎవరైనా ఏమైనా అంటే తలవంచుకుని వచ్చేయండి' అని చెప్పుకునే తల్లిదండ్రులు, తల ఎత్తుకుని నడిచి వచ్చిన తమవాడిని చూసి కొట్టిన చప్పట్లు అవి. యూదుడు కాని ఎడ్గర్ గెస్ట్ అనే ప్రసిద్ధ పద్యకవి కూడా, అతను లేని లోటు జట్టుకు తెలుస్తుంది కానీ తన ధర్మానికి కట్టుబడినందుకు అతన్ని గౌరవిస్తానన్న భావంతో ఒక పద్యం రాశాడు. ఊరు ఆ రోజున కొంచెం మారింది.

పచ్చికబయలు

1934 గురించి ఒక వివరం చెప్పాలి. ఆ ఏడాది టైగర్స్ ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గర) ఆడే నలుగురిలో గెహ్రింజర్, రోగెల్, ఓవెన్ మొత్తం 154 ఆటలూ ఆడారు. గ్రీన్‌బర్గ్ 153 ఆడాడు. మిగిలిన ఆ ఒక్కటీ యోమ్ కిప్పూర్ ఆటే. గణేశ్ గారూ, పట్టికలు చూసేవారికి ఈ అంకె నచ్చాలి.

గణాంకాల_గణేశ్

నచ్చింది. అదే ఏడాది అతను 63 డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే షాట్లు) కొట్టాడన్నది కూడా అంతే నచ్చుతుంది, దాని గురించి మాత్రం ఎవరూ పద్యం రాయలేదు. చిత్రం మీద నా అసలు అభ్యంతరం అదే. 1935లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం వచ్చింది. 1937లో సహచరులను పరుగులకు రప్పించిన లెక్కలో లూ గెహ్రిగ్ 1931లో నెలకొల్పిన అమెరికన్ లీగ్ రికార్డుకు ఒక్క అడుగు దూరంలో ఆగిపోయాడు. 1940లో జట్టు కోసం ఫస్ట్ బేస్‌ను రూడీ యార్క్‌కు ఇచ్చేసి, తనకు అలవాటు లేని లెఫ్ట్ ఫీల్డ్‌కు వెళ్ళి, అక్కడా అత్యుత్తమ ఆటగాడి పురస్కారం గెలుచుకున్నాడు. రెండు వేర్వేరు స్థానాల్లో ఆ పురస్కారం పొందిన మొదటి ఆటగాడు అతనే. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో ఒక స్థానాన్ని వదిలి మరో స్థానాన్ని కొత్తగా నేర్చుకోవడం ఎంత కష్టమో ఆట ఆడినవారికి తెలుస్తుంది.

కాకినాడ_కోచ్

గణేశ్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను కుర్రాళ్ళకు క్రికెట్ నేర్పుతాను. గ్రీన్‌బర్గ్ పుట్టుకతోనే చురుకైనవాడు కాదు. పొడుగు, బరువైన కాళ్ళు, చదునైన పాదాలు. బ్రాంక్స్‌లో క్రోటోనా పార్క్ పక్కన పెరిగిన కుర్రాడు, రోజంతా ఆ పార్కులోనే బ్యాట్ పట్టుకుని ఉండేవాడు. ఇంటి పెరట్లో రంపపు పొట్టు పోసిన గుంట తయారుచేసుకుని బేస్‌లోకి జారడం సాధన చేశాడు. పెద్ద ఆటగాడు అయ్యాక కూడా మ్యాచ్ అయిపోయి అందరూ ఇళ్ళకు వెళ్ళాక, స్టేడియంలో పల్లీలు అమ్మే కుర్రాళ్ళను, బంతులు అందించే పిల్లలను పోగుచేసి, వాళ్ళ చేత బంతులు వేయించుకుని చీకటి పడేదాకా కొట్టేవాడు. చేతులు బొబ్బలెక్కేవి. మా కుర్రాళ్ళకు ఈ చిత్రాన్ని చూపిస్తే ముందుగా చెప్పేది ఇదే.

నీలి_సిరా

నేను చిత్రాన్ని మామగారితో కలిసి చూశాను. ఆయనకు బేస్‌బాల్ నియమాలు వివరిస్తూ చూసేసరికి గంటన్నర చిత్రం దాదాపు రెండింతలు సాగింది. చివరికి ఆయన 'ఆట ఎలాగైనా అర్థమవుతుంది కానీ, ఆ కుర్రాడు యాంకీస్‌కు ఎందుకు వెళ్ళలేదో చెప్పు' అన్నారు. న్యూయార్క్ కుర్రాడే కదా. తెలిసినవారు చెప్పగలరా?

పచ్చికబయలు

యాంకీస్ నిజంగానే పిలిచారు. లక్షలాది యూదులున్న న్యూయార్క్‌లో యూదు ఆటగాడు ఉంటే టికెట్లు అమ్ముడుపోతాయని వాళ్ళకు తెలుసు. అయితే యాంకీస్ ఫస్ట్ బేస్‌లో అప్పటికే లూ గెహ్రిగ్ ఉన్నాడు. ఒక్క ఆట కూడా మానని మనిషి వెనుక ఎన్నాళ్ళు కూర్చోవాలో ఆ కుర్రాడు ఆలోచించుకుని, 9,000 డాలర్లకు డెట్రాయిట్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మామగారికి చెప్పండి, పద్దెనిమిదేళ్ళ వయసులో అంత ముందుచూపు అరుదు.

తెనాలి_శ్రీను

1938 గురించి ఎవరూ మాట్లాడలేదు. బేబ్ రూత్ 60 హోమ్ రన్ల రికార్డుకు రెండు తక్కువగా 58 దగ్గర గ్రీన్‌బర్గ్ ఆగిపోయాడు. ఇంకా ఐదు ఆటలు మిగిలి ఉన్నాయి. ఒక యూదుడు రూత్ రికార్డును దాటకూడదని పిచర్లు (బంతి విసిరేవారు) కావాలనే కొట్టడానికి వీలుకాని బంతులు వేసి అతన్ని నడిపించారని, అంటే కొట్టే అవకాశం ఇవ్వకుండా ఊరికే ఫస్ట్ బేస్‌కు పంపించారని, ఎప్పటి నుంచో వినిపిస్తున్న మాట. ఇది నిజమేనని నా నమ్మకం. ఆ ఏడాది అతన్ని 119 సార్లు నడిపించారు.

గణాంకాల_గణేశ్

శ్రీను గారూ, అదే ఏడాది జిమ్మీ ఫాక్స్‌ను కూడా సరిగ్గా 119 సార్లు నడిపించారు. ఫాక్స్ యూదుడు కాదు. భారీ షాట్లు కొట్టేవారికి ఎవరూ తేలిక బంతులు వేయరు. పైగా ఈ వాదాన్ని గ్రీన్‌బర్గే ఒప్పుకోలేదు. తన మీద కుట్ర ఏమీ జరగలేదని, తానే కొట్టలేకపోయానని జీవితాంతం చెప్పాడు. చివరి రోజున క్లీవ్‌లాండ్‌లో ఎదుట నిలిచినవాడు పందొమ్మిదేళ్ళ బాబ్ ఫెల్లర్. ఆ రోజు ఫెల్లర్ 18 మందిని స్ట్రైక్ అవుట్ చేసి కొత్త రికార్డు నెలకొల్పాడు. ఆ బంతుల ముందు ఎవరు నిలబడినా అంతే. ఆ తర్వాత రెండో ఆట వెలుతురు చాలక మధ్యలో ఆగిపోయింది.

తెనాలి_శ్రీను

అతను ఒప్పుకోకపోవడం అతని పెద్దరికం. ఫిర్యాదు చేస్తే 'చూశారా, సాకులు వెతుకుతున్నాడు' అనేవారు. నోరు విప్పలేని పరిస్థితిలో ఉన్న మనిషి నోటి మాటను సాక్ష్యంగా తీసుకోలేము.

సరస్వతి_ఆర్

ఇద్దరికీ మధ్య ఒక మాట. పిచర్ల మనసులో ఏముందో తేల్చలేము కానీ, డగౌట్లలో (ఆటగాళ్ళు కూర్చునే చోట్లలో) ఏం అరిచారో దాచిపెట్టిన విషయం కాదు. 1935 వరల్డ్ సిరీస్‌లో (రెండు లీగ్‌ల విజేతల మధ్య తుది పోరులో) షికాగో కబ్స్ ఆటగాళ్ళు గ్రీన్‌బర్గ్‌ను ఎంత నీచంగా తిట్టారంటే, అంపైర్ జార్జ్ మోరియార్టీ ఆట ఆపి వాళ్ళ డగౌట్ దగ్గరకు వెళ్ళి హెచ్చరించాడు. తర్వాత బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ తిట్టిన కబ్స్ ఆటగాళ్ళతో పాటు ఆపబోయిన అంపైర్‌కు కూడా జరిమానా వేశాడు. ఆ అంపైర్ మనవడైన నటుడు మైకెల్ మోరియార్టీ ఈ చిత్రంలో కనిపించడం నాకు చాలా నచ్చింది. అదే ఏడాది వేసవిలో, సీజన్ సగానికే వందకు పైగా పరుగులు రప్పించినా గ్రీన్‌బర్గ్‌ను ఆల్ స్టార్ జట్టులోకి తీసుకోలేదు. ఫస్ట్ బేస్‌లో గెహ్రిగ్, ఫాక్స్ ఉన్నారన్నది కారణం. అదీ నిజమే. అవమానమూ నిజమే.

గణాంకాల_గణేశ్

ఆ మాట ఒప్పుకుంటాను. 58 విషయంలో నా అభిప్రాయం మాత్రం మారదు. కుడిచేతి వాటం బ్యాటర్లలో ఫాక్స్, గ్రీన్‌బర్గ్ ఉమ్మడిగా నిలబెట్టిన ఆ 58 రికార్డును 1998లో మార్క్ మెక్‌గ్వైర్ దాటాడు. సరిగ్గా ఈ చిత్రం మొదటిసారి తెరకెక్కిన ఏడాదే.

నలుపుతెలుపు

చిత్ర నిర్మాణం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తోంది. 1986 సెప్టెంబర్‌లో గ్రీన్‌బర్గ్ చనిపోయినప్పుడు కెంప్నర్‌కు ఈ ఆలోచన వచ్చింది. డబ్బు సమకూర్చుకుంటూ, ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ పూర్తిచేసేసరికి పన్నెండేళ్ళు గడిచాయి. ఆమె తండ్రి అమెరికన్ సైన్యాధికారి, తల్లి తన యూదు పుట్టుకను దాచుకుని నాజీల నుంచి ప్రాణాలు దక్కించుకున్న మహిళ. ఆమె గ్రీన్‌బర్గ్‌ను ఎంచుకోవడంలోనే ఆమె చెప్పదలచుకున్నది ఉంది.

ఆలస్యం వల్ల ఒక మేలు కూడా జరిగింది. ఆ లోపల ఆమె పోగుచేసిన సాక్ష్యాలు ఇక ఎప్పటికీ దొరకనివి. 1993లో మరణించిన చార్లీ గెహ్రింజర్ ఇందులో మాట్లాడతాడు. బాబ్ ఫెల్లర్, పిట్స్‌బర్గ్‌లో గ్రీన్‌బర్గ్ సహచరుడైన రాల్ఫ్ కైనర్ ఉన్నారు. నటుడు వాల్టర్ మాథావ్, హ్యాంక్ గ్రీన్‌బర్గ్‌తో కలిసి భోజనం చేయాలన్న ఆశతోనే బెవర్లీ హిల్స్‌లోని టెన్నిస్ క్లబ్‌లో చేరానని చెబుతాడు. మిషిగన్ నుంచి సెనేటర్ అయిన కార్ల్ లెవిన్, అతని అన్న శాండర్ తమ చిన్నతనపు అభిమానాన్ని పంచుకుంటారు. అన్నిటికంటే నాకు నచ్చినవి పేరు ప్రఖ్యాతులు లేని ముసలి అభిమానుల ముఖాలు. డెబ్బై ఏళ్ళు దాటిన మనుషులు ఆ హోమ్ రన్ల గురించి చెబుతుంటే గొంతులు పదేళ్ళ పిల్లల గొంతులైపోతాయి. తొలి దృశ్యంలోనే బేస్‌బాల్ మైదానాల్లో అందరూ పాడుకునే పాటను మాండీ పటింకిన్ యిడ్డిష్ భాషలో పాడతాడు. పాతరీలు గారు 'ఆడని రోజు'కే గౌరవం దక్కిందన్నారు కానీ, ఆ ముసలివాళ్ళు ఎక్కువగా తలచుకుని మురిసిపోయేది ఆటనే.

పాతరీలు_విజయవాడ

ఆ ముఖాల విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన ఆటను చెబుతున్నంత ఇష్టంగా చెప్పారు. నా ఫిర్యాదు అభిమానుల మీద కాదు, ఆ ఒక్క ఘట్టాన్ని పోస్టర్ మీదికి ఎక్కించే విమర్శకుల మీద.

చరిత్ర_చదువరి

ఇక్కడ మన చరిత్ర నుంచి ఒక విషయం గుర్తుకొస్తోంది. గ్రీన్‌బర్గ్ డెట్రాయిట్‌లో ఆడుతున్న అదే కాలంలో బొంబాయిలో క్రికెట్ జట్లు మతం పేరిటే ఉండేవి. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు ఆడే చతుర్ముఖ పోటీ 1937లో మరో జట్టు చేరి పంచముఖ పోటీ అయింది. మన తెలుగు బిడ్డ సి.కె.నాయుడు 1926లో ఎం.సి.సి. మీద 153 పరుగులు కొట్టింది కూడా హిందూ జట్టు తరఫునే. అక్కడ ఆటగాడు ఏ మతంవాడో జట్టు పేరే చెప్పేస్తుంది, అతను తేల్చుకోవలసింది ఏమీ ఉండదు. గ్రీన్‌బర్గ్ పరిస్థితి వేరు. అతను డెట్రాయిట్ నగరం తరఫున ఆడుతున్నాడు. ఆ నగరంలో యూదులను ఇళ్ళు కొనుక్కోనివ్వని పేటలు ఉన్నాయి, చేర్చుకోని క్లబ్బులు ఉన్నాయి. అందరి జట్టులో ఉంటూ తనవాడిగా మిగలడం ఎలాగో అతనికి చెప్పినవారు లేరు. అందుకే 1934 నాటి ఆ రెండు పండుగల్లో ఒకనాడు ఒకటి, మరోనాడు మరొకటి చేశాడు. పాతరీలు గారు దాన్ని అస్థిరత్వం అన్నారు. నాకు అందులో నిజాయతీ కనబడుతోంది.

హైదరాబాద్_ఇమ్రాన్

చదువరి గారి చివరి మాటలకు నా ఓటు. నేను క్లబ్ క్రికెట్ ఆడే రోజుల్లో రంజాన్ నెలలో మ్యాచ్ పడితే ఉపవాసంతోనే ఫాస్ట్ బౌలింగ్ వేసేవాడిని. ఒక ఏడాది ఫైనల్ ముందు రోజు నీరసించి, మా అమ్మే పొమ్మని పంపితే ఉపవాసం మానేసి ఆడాను. జట్టులో కొందరు 'రోజా లేదా?' అని అడిగారు, బస్తీలో కొందరు 'రోజా వదిలేశావా?' అని అడిగారు. రెండు వైపులా సంజాయిషీ చెప్పుకోవలసింది నేనే. గ్రీన్‌బర్గ్ రోష్ హషానా నాడు రెండు హోమ్ రన్లు కొట్టాక కూడా దిగులుగానే ఉన్నాడని చదివితే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఖరగ్‌పూర్_రావు

యుద్ధం భాగం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. 1941 మే 6న రెండు హోమ్ రన్లు కొట్టి, మర్నాడు సైన్యంలో చేరాడు. ఏడాదికి 55,000 డాలర్ల జీతం వదిలేసి నెలకు 21 డాలర్ల సిపాయి జీతానికి వెళ్ళాడు. ఇరవై ఎనిమిదేళ్ళు దాటినవారిని విడిచిపెట్టే నిబంధన కింద డిసెంబర్ 5న ఇంటికి పంపించారు. రెండు రోజులకు పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. అతను మళ్ళీ తనంతట తానుగా సైన్యానికి వెళ్ళాడు. వయసులో ముప్ఫైకి చేరిన ఆటగాడు మొత్తం మీద దాదాపు నాలుగేళ్ళ ఆటను అలా వదులుకున్నాడు.

మాకు దగ్గరి సంగతి ఏమిటంటే, చైనా-బర్మా-ఇండియా రణరంగంలో అతను పనిచేసింది బి-29 బాంబర్ దళంతో. ఆ విమానాల స్థావరాలు మా ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీల్లో ఉండేవి. ఇప్పుడు ఐఐటీ ప్రాంగణంలో ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరం భవనం అప్పట్లో అమెరికన్ బాంబర్ కమాండ్ కార్యాలయం. రైల్వేలో పనిచేయడానికి వచ్చి స్థిరపడిన మా తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్ళు ఆ విమానాల చప్పుడు గురించి చెబుతుండేవారు. ఇక్కడి నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని చెంగ్డూ చుట్టుపక్కలి స్థావరాలకు వెళ్ళి, అక్కడ ఇంధనం నింపుకుని జపాన్ మీదికి ఎగిరేవి. అలాంటి ఒక విమానం బాంబులతో సహా రన్‌వే చివర కూలి తగలబడుతుంటే, గ్రీన్‌బర్గ్ మరికొందరితో కలిసి లోపలివారిని కాపాడడానికి పరుగెత్తాడు. దగ్గరకు చేరేలోపే బాంబులు పేలి, అతను కాలువలో పడ్డాడు, కొన్ని రోజుల పాటు చెవులు పనిచేయలేదు. విమానంలోనివారు ప్రాణాలతో బయటపడ్డారు.

నీలి_సిరా

రావు గారూ, ఇది చదివి మామగారు మళ్ళీ చిత్రం పెట్టమంటున్నారు. ఆయనది కూడా రైల్వే కుటుంబమే.

కాకినాడ_కోచ్

అంత యుద్ధం చూసి వచ్చి, 1945 జులై 1న ఆడిన మొదటి ఆటలోనే హోమ్ రన్ కొట్టాడు. సెప్టెంబర్ 30న సెయింట్ లూయిస్‌లో, సీజన్ చివరి రోజున, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండి ఉండగా కొట్టిన హోమ్ రన్‌తో టైగర్స్ లీగ్ గెలిచింది, తర్వాత కబ్స్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. నాలుగేళ్ళు బ్యాట్ సరిగా పట్టని ముప్ఫై నాలుగేళ్ళ మనిషి! పాతరీలు గారూ, మీకు కావలసిన 'ఆడిన రోజు' ఇదే. చిత్రంలో నేను లేచి నిలబడ్డ చోటు ఇది.

తెనాలి_శ్రీను

ఇంత చేసినవాడికి టైగర్స్ ఇచ్చిన బహుమతి ఏమిటో చూడండి. 1946లో 44 హోమ్ రన్లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిస్తే, 1947 జనవరిలో అతన్ని పిట్స్‌బర్గ్‌కు అమ్మేశారు. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. కారులో వెళుతూ రేడియోలో విని తెలుసుకున్నాడు.

సరస్వతి_ఆర్

ఆ అమ్మకం వల్లనే చిత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం సాధ్యమైంది. 1947 మే నెలలో బ్రూక్లిన్ డాడ్జర్స్ పిట్స్‌బర్గ్‌కు వచ్చారు. జాకీ రాబిన్సన్‌కు అది మొదటి సీజన్. మేజర్ లీగుల్లో ఆ కాలంలో ఆడుతున్న తొలి నల్లజాతి ఆటగాడిగా అతను ప్రతి ఊరిలోనూ తిట్లు తింటున్నాడు. పిట్స్‌బర్గ్ ఆటగాళ్ళూ తిట్టారు. ఒక బంతికి రాబిన్సన్ పరుగెత్తుకొస్తూ ఫస్ట్ బేస్ దగ్గర గ్రీన్‌బర్గ్‌ను గుద్దుకున్నాడు. తర్వాత గ్రీన్‌బర్గ్ బ్యాటింగ్‌కు వచ్చి నడిచి ఫస్ట్ బేస్‌కు చేరినప్పుడు, అక్కడ కాపలా ఉన్న రాబిన్సన్‌ను దెబ్బ తగిలిందా అని అడిగాడు. ఆ అరుపులను పట్టించుకోవద్దని, బాగా ఆడుతున్నావని, నిలబడమని చెప్పాడు. ఆటగాడిగా గ్రీన్‌బర్గ్‌కు అది చివరి సంవత్సరం. తన సొంత జట్టు డగౌట్ వింటుండగా ఎదుటి జట్టువాడికి ఆ మాట చెప్పాడు. ఆ రోజు తర్వాత రాబిన్సన్ పత్రికలవారి దగ్గర అతని పెద్దమనిషితనాన్ని మెచ్చుకున్నాడు. తాను పడ్డ మాటలు రాబిన్సన్ పడుతున్నవాటి ముందు ఏపాటివని కూడా గ్రీన్‌బర్గ్ తర్వాతి కాలంలో చెప్పాడు.

పాతరీలు_విజయవాడ

ఈ ఘట్టం దగ్గర నేను కూడా చిత్రాన్ని కాసేపు ఆపాను. 1934 నాటి ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఎవరూ చెప్పని మాట 1947లో తాను మరొకరికి చెప్పాడు. యోమ్ కిప్పూర్ మీద పడిన వెలుగులో సగమైనా దీని మీద పడితే బాగుండును.

చరిత్ర_చదువరి

ఆట మానేసిన తర్వాతి జీవితాన్ని చిత్రం క్లుప్తంగా దాటేయడం నాకు కూడా లోటుగానే అనిపించింది. 1956లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన తొలి యూదుడు అతనే. క్లీవ్‌లాండ్ జట్టుకు జనరల్ మేనేజర్‌గా చేశాడు, తర్వాత బిల్ వీక్‌తో కలిసి షికాగో వైట్ సాక్స్‌లో భాగస్వామి అయ్యాడు. వీటన్నిటి కంటే పెద్ద విషయం 1970లో జరిగింది. ఆటగాడిని జట్టు యజమాని తన ఇష్టం వచ్చినట్టు అమ్ముకునే నిబంధన మీద కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు కోర్టుకు వెళ్ళాడు. అప్పుడు ఆడుతున్నవారిలో ఒక్కరు కూడా న్యూయార్క్ కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పలేదు, అందరికీ ఉద్యోగ భయం. వచ్చిన పాత ఆటగాళ్ళలో జాకీ రాబిన్సన్ ఉన్నాడు, హ్యాంక్ గ్రీన్‌బర్గ్ ఉన్నాడు.

తెనాలి_శ్రీను

రేడియోలో తన అమ్మకం వార్త విన్న మనిషి కదా, రాక ఏం చేస్తాడు.

చరిత్ర_చదువరి

నిజమే, కానీ అతను అప్పటికే యజమానుల పక్షాన కూర్చుని వచ్చినవాడు, ఆ నిబంధనతో లాభపడిన జట్లను నడిపినవాడు. అది తెలిసీ వెళ్ళి, ఆ పద్ధతికి కాలం చెల్లిందన్నాడు. ఫ్లడ్ 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు. మూడేళ్ళ తర్వాత వేరే ఆటగాళ్ళ వివాదంలో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఆ నిబంధన కూలిపోయింది. ఈ రోజు బేస్‌బాల్ ఆటగాళ్ళు తమ జట్టును తామే ఎంచుకుంటున్నారంటే ఆ కోర్టు బోనులో నిలబడ్డవారి వల్ల కూడా.

నలుపుతెలుపు

కెంప్నర్ 2019లో మో బెర్గ్ మీద మరో డాక్యుమెంటరీ తీసింది. అతను కూడా యూదు ఆటగాడే, క్యాచర్, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున గూఢచారి. గ్రీన్‌బర్గ్ చిత్రం నచ్చినవారు తర్వాత దాన్ని చూడవచ్చు. కర్ట్ ఫ్లడ్ కేసు గురించి మాత్రం చదువరి గారు విడిగా ఒక చర్చ మొదలుపెడితే బాగుంటుంది. అక్కడ గణేశ్ గారు, శ్రీను గారు మళ్ళీ ఎదురెదురుగా కూర్చుంటారని ఆశిస్తున్నాను.

గణాంకాల_గణేశ్

తప్పకుండా. 119 సార్ల లెక్కను కూడా నెలవారీగా విడదీసి అక్కడికి తెస్తాను.